విమానమున భృత్యాచారము



కొండాపురము నుండి కావలికి పోవు బస్సు ఎక్కినవారికి "కొంచెం సర్దుకోండి" అను మాట క్రొత్తది కాదు. ఇద్దరు కూర్చుండు సీటున ముగ్గురు కూర్చుందురు. ఒకరి ఒడిలో ఇంకొకరి బిడ్డ యుండును. కాళ్ళ సందున ఎవరిదో తెలియని బియ్యపు మూట యుండును. శివరాత్రికి ఘటిక సిద్ధేశ్వరము పోవు బస్సులలోనైతే ఊపిరి పీల్చుటకు కూడ వంతులు వేసికొనవలసినదే. అయినను ఆ ఇరుకులో పెద్ద తగవులు పుట్టుట అరుదు. మొదట కసరుకొన్నవారు సయితము నాలుగు మైళ్ళు పోవునప్పటికి ఒకరి ఊరొకరు అడుగుకొని, ఇద్దరికిని తెలిసిన బంధువును ఒకనిని కనుగొని, దిగునప్పుడు మూట అందించుకొని పోవుదురు.

ఇప్పుడు ఈ కొండాపురము, కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల నుండియే మనవారు కువైటుకు, దుబాయికి పనులకు పోవుచున్నారు. అమెరికాకు, ఆస్ట్రేలియాకు చదువులకును ఉద్యోగములకును పోవుచున్నారు. బిడ్డల పురుళ్ళకని, మనుమల ఆలనకని తల్లిదండ్రులు వారి వెనుక పోవుచున్నారు. కావలిలో రైలెక్కి చెన్నై చేరి, అచ్చట విమానమెక్కుట నేడు మన పల్లెలలో వింత కాదు. కాని బస్సులో ఏడు ఊళ్ళవారితో సర్దుకొని కూర్చున్న మనిషియే విమానములో ప్రక్కవాని మోచేయి తగిలినంతనే ముఖము ముడుచుకొనుచున్నాడు. ఇది ఏల?

కారణము కొంత విచారింపవలసి యున్నది. బస్సులో జాగా ఎవరిదియు కాదు, గనుక అందరిదియు అయినది. విమానములో ప్రతి సీటుకు అంకె వేసి, ఆ అంకెను చీటిమీద వ్రాసి, నడుమునకు పట్టీ బిగించి కూర్చుండబెట్టుదురు. జరుగుదమన్నను జరుగుటకు చోటు లేదు. ప్రతి అంగుళమునకు ఒక యజమాని ఏర్పడినాడు. అంతటితో ఆగిన బాగుగనే యుండును. ఇద్దరేసి యజమానులున్న అంగుళములు కూడ కొన్ని కలవు. రెండు సీట్ల నడుమ చేతులానించు పట్టె అట్టిది. సీటు వెనుకకు వాల్చినప్పుడు అది ఆక్రమించు చోటు అట్టిది. తగవంతయు అచ్చటనే.

ఆ అంగుళములు ఎన్నియో చూడుడు. సాధారణ తరగతిలో సీటు వెడల్పు 17, 18 అంగుళములు. ఒక సీటు నుండి దాని ముందు సీటు వరకు గల దూరము ఒకప్పుడు 34, 35 అంగుళములు సామాన్యముగా ఉండెడిది. అది నేడు 30, 31కి దిగినది. చౌకధరల విమానములలో 28 అంగుళములే యున్నవియు కలవు. సీటు వెనుకకు వాలునది రెండు అంగుళములో, మూడో, నాలుగో. మన రైతు గట్టు తగవులో పోగొట్టుకొను నేలతో పోల్చిన ఇది జానెడైనను కాదు. అయినను 2014 ఆగస్టులో అమెరికాలో నెవార్కు నుండి డెన్వరుకు పోవుచున్న ఒక విమానము ఈ జానెడు లేని చోటుకొరకు దారి మళ్ళి షికాగోలో దిగవలసి వచ్చెను. ముందు సీటు వాలకుండ అడ్డుపెట్టు చిన్న బిళ్ళలను వెనుకనున్న ప్రయాణికుడు తగిలించెను. ముందున్న ప్రయాణికురాలు అతనిపై నీళ్ళు విసరెను. ఇద్దరిని దింపివేసి విమానము సాగిపోయెను. మిగిలిన వారందరు వారి కొరకు కాలము పోగొట్టుకొనిరి.

ఇది పరదేశపు వింత యని నవ్వి ఊరకుండరాదు. మన దేశములో పౌర విమానయాన శాఖ 2017లో అల్లరి చేయు ప్రయాణికులకు మూడు అంతరముల శిక్ష ఏర్పరచెను. నోటి దురుసుకు 3 నెలల వరకు, చేయి చేసికొన్న 6 నెలల వరకు, ప్రాణాపాయము కలిగించిన కనీసము 2 సంవత్సరములు విమానమెక్కనీయకుండ నిషేధించు నియమమది. అప్పుచేసి, ఏజెంటుకు రూకలు కట్టి, కువైటు వీసా తెచ్చుకొన్న కూలివానికి మూడు నెలల నిషేధమనగా ఏమో ఆ ఇంటివారికే తెలియును. మోచేతి జాగాకు అంత వెల ఎవరు కట్టగలరు?

ఇంత చిన్న సంగతికి ఆచారశాస్త్రమేల యని అడుగువారుందురు. శరణుల చరిత్రలలో ఎక్కువపాలు చిన్న సంగతులే గదా! మడివాళ మాచయ్య బట్టలుదికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య త్రాడు పేనెను. అనుభవ మంటపమున అల్లమప్రభువు ఎదుట కూర్చున్నవారు ఈ పనులు మానివచ్చినవారు కారు, ఈ పనులతో వచ్చినవారు. చౌడయ్య పడవలో ఎక్కినవారు తమ తమ కులములు, ధనములు ఒడ్డుననే విడిచి ఒకే బల్లపై కూర్చుండవలసినదే. ఒకడు మొండికి పోయి ఒక ప్రక్కనే ఒరిగి కూర్చున్న పడవయే ఒరుగును. ఆకాశమున పోవు పడవకు వేరే ధర్మముండునా?

వీరశైవునకు పంచాచారములు చెప్పబడినవి. లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము. ఇందులో కడపటిది శివభక్తులే అధికులు, నేను వారి భృత్యుడను అను భావముతో నడచుట. దీనిని మనము మఠములో, జంగమార్చనలో పాటింతుము. అయ్యవారు వచ్చిన లేచి నిలుతుము, పీట వేయుదుము, పాదము కడుగుదుము. పీట వేయుట భృత్యాచారమైనప్పుడు, ప్రక్కవానికి పీటలో రెండంగుళములు విడచుట ఏమగును? వాడు లింగధారి కాడు గదా యని కొందరు అడుగవచ్చును. మెడలో లింగమున్నదో లేదో నడుము పట్టీ బిగించుకొని ప్రక్కకు తిరుగలేక కూర్చున్న మనకేమి తెలియును? దేహము శివుని నివాసమని నమ్మినవాడు తన దేహమునకు మాత్రమే ఆ మాట వర్తించునని చెప్పజాలడు. మూడు వందల మంది ఎక్కిన విమానములో మూడు వందల శివాలయములు మోకాలు మోకాలు తగులునట్లు కూర్చున్నవి.

ఈ సందర్భమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ తలచుకొనవలెను. కన్నడమున 'ఆయ్ద అక్కి' యనగా ఏరిన బియ్యము. ఈ దంపతులు కల్యాణమునకు వచ్చి, శరణుల వాకిళ్ళలో రాలిన బియ్యపు గింజలేరి, వానితో దాసోహము చేయుచుండిరి. మారయ్య కాయకమును పరీక్షింపదలచి బసవన్న ఒకనాడు ఎప్పటికన్న ఎక్కువ బియ్యము రాలునట్లు చేయించెను. మారయ్య సంతోషించి ఎక్కువగనే ఏరి ఇంటికి తెచ్చెను. లక్కమ్మ చూచి, మనకు ఈ పూటకు కావలసినది ఇంతే గదా, ఈ మిగులు మనకెందుకు, ఎక్కడివి అక్కడనే పోసిరమ్మని పంపెను. శూన్యసంపాదనెలో ఈ కథ విస్తరముగా కలదు.

ఇందులో గమనింపవలసినది ఒకటి కలదు. మారయ్య దొంగిలింపలేదు. రాలిన గింజలు ఏరుకొనుట అతని కాయకము, ఎవరును వలదనలేదు. లక్కమ్మ అడిగినది అవి నీవియా కావా యని కాదు, అవి కావలెనా యని. విమానపు తగవులలో ఇరువురును 'నాది' అనుచుందురు. మీట నా సీటుకున్నది గనుక వాల్చు హక్కు నాదని ముందువాడు, నా మోకాళ్ళ ఎదుటనున్నది గనుక ఆ చోటు నాదని వెనుకవాడు. ఇరువురి మాటయు నిజమే. కనుక హక్కుతో ఈ తగవు తీరదు. లక్కమ్మ ప్రశ్న వేసికొన్న తీరును. ఇప్పుడు నాకు ఈ మూడంగుళములు కావలెనా? చెన్నై నుండి హైదరాబాదుకు గంటకు కొంచెము మించిన పగటి ప్రయాణము. ఏ నొప్పియు లేనివానికి వాల్చవలసిన పని యేమి? దుబాయి నుండి అమెరికాకు 14, 16 గంటలు, రాత్రి కాలము, దీపములార్చినారు, అందరును నిద్రకుపక్రమించినారు. అప్పుడు వాల్చుట దోషము కాదు. వెనుకవాడు అలిగి సీటును తన్నుటయే దోషము. నడుము నొప్పి గలవానికి మూడంగుళములు అవసరము. ఆరడుగుల పొడవుగలవాని ముందు కూర్చున్నవానికి అవి ఆభరణము. అవసరమెవరిదో తెలియుటకు ఒక్కసారి వెనుకకు తిరిగి చూచిన చాలును. చూచి, మెల్లగా వాల్చవలెను. వెనుకవాని బల్లపై వేడి కాఫీ యుండవచ్చును, ఒడిలో పసిబిడ్డ నిద్రించుచుండవచ్చును. భోజనము వడ్డించు వేళ సీటును నిటారుగా నిలుపవలెనని సిబ్బంది వచ్చి చెప్పువరకు ఆగనేల? ఎదుటివాడు అన్నము ముందు కూర్చున్నప్పుడు అతని విస్తరిపై ఒరుగువానిని మన ఊళ్ళో ఏమందురో వ్రాయనక్కరలేదు.

చేతులానించు పట్టె విషయమున తరచుగా విమానమెక్కువారు ఒక మర్యాద ఏర్పరచుకొన్నారు. అది మిక్కిలి న్యాయముగ నున్నది. ముగ్గురు కూర్చున్న వరుసలో కిటికీ వద్దివానికి ఒరుగుటకు గోడ కలదు, చూచుటకు ఆకాశము కలదు. నడవ వైపువానికి కాలు చాపుకొను చోటు, లేచిపోవు స్వేచ్ఛ కలవు. నడుమవానికి ఏమియు లేదు. కావున రెండు ప్రక్కల పట్టెలును అతనివి. శాసనమేదియు దీనిని విధింపలేదు. లేనివానికి మొదట పెట్టుట యను దాసోహ నీతిని బసవన్న పేరెరుగని జనులు తమంతట తాము కనుగొన్నారని నాకు సంతోషము కలిగినది. మనము ఎరిగియుండియు మరచిన సిగ్గుపడవలసియుండును. స్థూలకాయుడు ప్రక్కన కూర్చున్నప్పుడు కూడ ఈ దయయే కావలెను. ఆయన తన శరీరమును మనలను ఇరికించుటకు పెంచుకొనలేదు. మనము గ్రుచ్చి చూచిన చూపులు ఆయనకు ఆనాటికి ఎన్నవవియో!

ఇక అన్నిటికన్న ముఖ్యమైన సంగతికి వచ్చెదను. కలిగిరి ప్రాంతపు ఒక తల్లి, కూతురి పురిటికి అమెరికా పోయివచ్చి, ప్రయాణమెట్లు జరిగినదని అడుగగా ఇట్లు చెప్పెను: "కిటికీ పక్కన కూర్చోబెట్టారు సామీ. పక్కనిద్దరూ తెల్లోళ్ళు, నిద్రపోతా ఉన్నారు. వాళ్ళనెట్ట లేపేది? నీళ్ళు తాగితే లేవాల్సొస్తదని నీళ్ళు గూడా తాగలా." పదునాలుగు గంటలు ఆ తల్లి లేవలేదు. దిగునప్పటికి పాదములు పొంగి చెప్పులు పట్టలేదట. ఆమె ఇది ఫిర్యాదుగా చెప్పలేదు. తాను ఎవరికిని కష్టము కలిగింపలేదని సంతోషముగ చెప్పెను.

ఇది భృత్యాచారము కాదని నేను గట్టిగా చెప్పదలచితిని. పిక్కలు కదలక మోకాళ్ళు మడచి గంటలకొలది కూర్చున్నవారికి కాలి సిరలలో రక్తము మందగించి గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరిన ప్రాణాపాయము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారము 4 గంటలకు మించి కదలక కూర్చుండి చేయు ప్రయాణమున ఈ గండము సుమారు రెండింతలగును. ఇది విమానమునకే కాదు, బస్సుకు, రైలుకు, కారుకు కూడ చెల్లును. ఆరోగ్యవంతులలో సుమారు 6,000 మందికి ఒకరికి మాత్రమే ఇట్లగుచున్నదని ఆ పరిశోధనమే తెలిపినది గనుక బెదరనక్కరలేదు. కాని వృద్ధులకు, గర్భిణులకు, స్థూలకాయులకు, ఈ నడుమ శస్త్రచికిత్స జరిగినవారికి ఎక్కువ జాగ్రత్త కావలెను. విమానములోని గాలి మిక్కిలి పొడిగా నుండును. నీరు త్రాగకున్న దేహము శోషించును. రెండు గంటలకొకమారు లేచి నడవలో నాలుగడుగులు వేయవలెను. లేవలేనప్పుడు కూర్చున్నచోటనే మడమ ఎత్తి దించుచు పిక్కలు కదల్పవలెను.

దేహము శివుని నివాసమని పైన చెప్పితిని. ఆ తల్లి ప్రక్కవారి దేహములను గౌరవించినది, తన దేహమును మరచినది. భృత్యునకు కూడ దేహమున్నది. దానిని ఎండగట్టుమని ఏ శరణుడును చెప్పలేదు. లక్కమ్మ మిగులు బియ్యమును త్రిప్పి పంపెను గాని కావలసిన బియ్యమును త్రిప్పి పంపలేదు. కావున మన తల్లులకు, తండ్రులకు చెప్పి పంపవలసినది: "మీరు లేపండి, వాళ్ళేమీ అనుకోరు." ఇక నడవ వైపు కూర్చున్న మన యువకులకు చెప్పవలసినది వేరు. లోపలివారు లేచుటకు సంకోచించుచు మూడుమార్లు మీ వైపు చూచినప్పుడు, చెవులలో పాటలు పెట్టుకొని చూడనట్లు నటింపకుడు. వారు అడుగకముందే లేచి నిలుచుండుడు. పల్లెనుండి వచ్చినట్లు కనబడు వృద్ధులెవరైన లోపల నుండిన, మీరు లేచినప్పుడు "మీరూ లేస్తారా అమ్మా" అని ఒక మాట అడుగుడు. భాష తెలియకున్న చేయి చూపిన చాలును. జంగమునకు దారి విడచుట మనకు నేర్పినదే గదా. కదలునదంతయు జంగమము కాదు. విమానము గంటకు తొమ్మిది వందల కిలోమీటర్లు కదలును, అందులో కాలు ముడువనివాడు స్థావరమే.

ఇంతవరకు ఇరుకులో ఎట్లు మెలగవలెనో చెప్పితిని. ఈ ఇరుకు ఎవరు చేసినారను ప్రశ్న మిగిలియున్నది. దానిని విడచిన ఈ ఉపన్యాసము సగమే యగును. సీట్ల నడుమ దూరము తనంతట తాను తగ్గలేదు. ఒక వరుస ఎక్కువ పట్టిన అన్ని టికెట్లు ఎక్కువ అమ్ముడగును. ముందువాడును వెనుకవాడును తన్నుకొనుచుండ, ఆ అంగుళములు తీసికొన్నవాడు ఎచ్చటనో సుఖముగ నున్నాడు. ఇచ్చట కావలసినది భృత్యాచారము కాదు, గణాచారము. అన్యాయమును చూచి ఊరకుండక నిలిచి అడుగుట గణాచారము. బిజ్జలుని కొలువులో మంత్రియై యుండియు బసవన్న రాజునకు ఇచ్చకములాడలేదు. అమెరికాలో 2018లో శాసనము చేసి, ప్రయాణికుల సీట్లకు కనీసపు కొలతలు నిర్ణయింపుమని విమానయాన శాఖను ఆజ్ఞాపించిరి. ఆపద వచ్చినప్పుడు 90 సెకండ్లలో అందరును వెలుపలకు రావలెనను నియమము విమానములకు కలదు. అంత ఇరుకులో అది సాగునా యనునది ప్రశ్న. 2022లో ఆ శాఖ జనుల అభిప్రాయములు కోరగా వేలకొలది లేఖలు వచ్చెను. మనవారును వ్రాయవలెను. టికెట్టు కొనునప్పుడు ధర ఒక్కటియే చూడక సీట్ల దూరమును కూడ చూచి కొనవలెను. కోపమునకు తగిన చోటు అది. ప్రక్కవాని మోచేయి కాదు.

ముందు భాగమున తెరవేసి పెద్ద సీట్లవారిని వేరుగ కూర్చుండబెట్టుటను గూర్చి కూడ కొందరు అడిగిరి. రూకలిచ్చినవాడు పెద్ద సీటు కొనుక్కొనుటలో నాకేమియు ఆక్షేపణ లేదు. కాని తెర ఇవతల కూర్చున్న మనవాడు ప్రక్కన తెలుగువాడు దొరికినంతనే ఊరు పేరు అడిగి, ఇంటిపేరు అడిగి, దానినుండి కులము లాగుటకు ప్రయత్నించును. ఊరడుగుట బాగుగనే యున్నది. అంతటితో ఆపవలెను.

ఆహారమును గూర్చి రెండు మాటలు. మనము శాకాహారులము. ప్రక్కవాని పళ్ళెమున మాంసముండిన ముక్కు మూసికొనుట, ముఖము త్రిప్పుకొనుట, చేతితో వాసన విసరుట మర్యాద కాదు. మన ఆవకాయ వాసన వానికి ఎట్లుండునో మనమెన్నడైన అడిగితిమా? టికెట్టు కొన్నప్పుడే, లేక కనీసము ప్రయాణమునకు ఒకరోజు ముందే, శాకాహార భోజనము కావలెనని తెలిపిన తెచ్చి ఇత్తురు. తెలుపక విమానమెక్కి, సిబ్బందిపై కేకలు వేయుట తగదు.

లింగార్చన ప్రయాణములో మానరాదు. అయితే ఇరుకు సీటులో దానికి కొంత ఉపాయము కావలెను. అగరువత్తి, కర్పూరము విమానములో వెలిగింపనే రాదు. వాని మాట తలపెట్టవలదు. పొడి విభూతి గాలికెగిరి ప్రక్కవాని కంట పడును. విభూతి పండును బొట్టు నీటితో తడిపి ధరించిన ఎగురదు. ఇంటినుండి నీరు తీసికొనిపోదమన్న పరదేశపు విమానములలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా తనిఖీలో ఆపుదురు. లోపల వారు ఇచ్చు నీరే చాలును. ఎడమ అరచేత లింగమునుంచుకొన్నప్పుడు మోచేతులను ఎడముగ చాపక పక్కలకు చేర్చి, రొమ్మునకు ఎదురుగ పట్టుకొనవలెను. భోజనపు బండి నడవలో తిరుగు వేళ కాక, దీపములు తగ్గించిన వేళ చూచుకొనిన మనకును ఏకాగ్రత, ఇతరులకును అడ్డు లేదు. మంత్రము మనస్సులోనే జపింపవచ్చును. ప్రక్కవారు ఏమిటిదని అడిగిన ఒక మాటలో చెప్పవలెను. అడుగనివారికి ఉపన్యాసము చెప్పవలదు.

చివరకు, తల్లిదండ్రులకు టికెట్లు కొను బిడ్డలకు ఒక విన్నపము. ఆకాశము కనబడునని వారిని కిటికీ వద్ద కూర్చుండబెట్టుచున్నారు. దూరప్రయాణములలో వారికి నడవ వైపు సీటు తీసికొనుడు. సీటు ముందుగ కోరుటకు కొంత రుసుము పడినను ఇచ్చుడు. "లేవాలి" అను అర్థమిచ్చు ఇంగ్లీషు మాట ఒకటి, "నీళ్ళు" అను మాట ఒకటి నేర్పి, పెద్ద అక్షరములతో చీటిమీద వ్రాసి, తెలుగు అర్థము ప్రక్కన చేర్చి, వారి చేతిసంచిలో పాస్‌పోర్టుతో పాటు ఉంచుడు. పాదములు పొంగినను పట్టునట్టి వదులు చెప్పులు తొడిగించి పంపుడు.